మాడు వాసనకి తమలపాకు

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా నాకు మిగిలిన మూడు పళ్ళూ ఈ పూటే రాలిపోవాలి. వంటల చయనులుగారు లక్ష పెళ్ళిళ్ళకి వండిన మనిషి. ఆయన దగ్గర నేను తరిగిన వంకాయలు వరసగా పేరిస్తే తణుకు నుంచి కాశీదాకా వెళతాయి. శిష్యుడు ఏదడిగినా ఆయన నోటితో జవాబు చెప్పరు. చేతికి గరిటె ఇచ్చి పొయ్యి దగ్గరికి పంపుతారు.

పెద్ద శిష్యుడు విస్సన్నకి గుండిగలెత్తి నడుం పట్టేసింది. దానికి రోజూ రెండు నొప్పి మాత్రలు. వాటితో గుండెల్లో మంట పుడితే పరగడుపున గ్యాస్ మాత్ర. మూడేళ్ళుగా ఇదే వరస, రాసిచ్చిన డాక్టరంటూ లేడు. మందుల షాపువాడు ఎందుకని అడగడు, వీడు చెప్పడు. వేయించిన శనగలు కొన్నట్టు అట్టలకి అట్టలు కొంటాడు. అది చాలదన్నట్టు, ఆ రోజు పెళ్ళిలో తాంబూలం పళ్ళెంలో వక్కపొడి పక్కన గ్యాస్ మాత్రలు కుప్ప పోశాడు. భోజనానికి పిలిచి మందు పెట్టడం ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలీదు. నా ఒంటి మంట ఉండగా వంటకి ఇంకో గాడిపొయ్యి అక్కర్లేకపోయింది. పళ్ళెం లాక్కుని మాత్రలన్నీ కొంగులో మూట కట్టేశాను.

అప్పుడు నసుగుతూ బయటపెట్టాడు. నాలుగు రోజులుగా విరేచనం తారులా నల్లగా అవుతోందట. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయట. నేను పరుగున వెళ్ళి చయనులుగారి చెవిన వేశాను. ఆయన పిలిచి నిలదీస్తే విస్సన్న ఎదురు ప్రశ్న వేశాడు.

"మాత్రతో మంట తగ్గుతోంది కదండీ గురువుగారూ. మంటే లేనప్పుడు డాక్టరెందుకు?"

ఆయన గరిటె అందుకున్నారు. పప్పు గుండిగ పక్కన వాడికి పీట వేయించి కూర్చోబెట్టారు. కాసేపటికి మాడు వాసన లేచింది. కట్టెలు లాగబోయిన వాడి చేతికి గరిటె అడ్డం పెట్టి, మంట జోలికి వెళ్ళొద్దు, నాలుగు తమలపాకులు పడెయ్యి, వాసన పోతుంది అన్నారు. ఆకులు పడ్డాయి. వాసన కొంచెం అణిగింది. కింద మంట మాత్రం నాలుకలు చాస్తూనే ఉంది. చయనులుగారు హాయిగా కళ్ళు మూసుకున్నారు. విస్సన్నకి కారిన చెమటతో ఇంకో గుండిగ పప్పు ఉడికేది. చివరికి, పాతికేళ్ళలో గురువు ముందు గొంతెత్తనివాడు గొంతెత్తాడు.

"అడుగు మాడిపోతోందండీ. వాసన అణిగితే అడుగు బాగుపడుతుందా? ముందు దింపనివ్వండి. లోపలేమైందో చూడనివ్వండి."

"పప్పుకైతే తెలిసిందే నీకు," అన్నారాయన.

విస్సన్న చెయ్యి పొట్టమీదికి పోయింది. అయితే మాత్రలు గోదాట్లో పారెయ్యనా అని మెల్లిగా అడిగాడు. చయనులుగారికి ఈసారి నిజంగా కోపం వచ్చింది. తమలపాకు తప్పని ఎవరన్నారు, ఎప్పుడు వెయ్యాలో, ఎన్ని వెయ్యాలో, అడుగు చూసినవాడు చెప్పాలన్నారు. ఆయనకీ ఒకప్పుడు పొట్టలో పుండు పడిందట. డాక్టరు గొట్టం వేసి చూసి మరీ ఆ గ్యాస్ మాత్రే ఇచ్చాడట. టిఫినుకి అరగంట ముందు, రెండు నెలలు. ఆపమన్ననాడు ఆపేశారు.

ఆ గుండిగ దింపి పక్కన పెట్టించి కొత్త ఎసరు పెట్టించారు. ఆటో పిలిపించారు. నేను మళ్ళీ కత్తిపీట లాక్కోబోతుంటే ఆపి, నలుపంటే లోపల నెత్తురు కారుతున్నట్టే, పెద్దాసుపత్రిలో ఎమర్జెన్సీకే పొమ్మన్నారు, విస్సన్న సంచిలోని నొప్పి మాత్రల అట్టా గ్యాస్ మాత్రల అట్టా నా చేతిలో పెట్టి.

"నువ్వు కూడా ఎక్కు, పేరిందేవమ్మా. వీడు సిగ్గుపడి గ్యాసంటాడు. నువ్వు నలుపని చెప్పు."