మౌలాలి ఇచ్చిన బెల్టు

ప్రొద్దుటూరులో దస్తగిరి మేస్త్రీ కార్ల షెడ్డుకు మంచి పేరుంది. ఆయన శిష్యుడు ఓబులేసుకు మాత్రం ఆ పేరు కంటే తన చేతి మీదే నమ్మకమెక్కువ. మేస్త్రీ బయటికెళ్ళిన పూట, ఈశ్వరయ్య చిన్న కారుకు టైమింగ్ బెల్టు తనే మార్చాడు.

ఇంజన్లో పైనున్న వాల్వులనీ కిందున్న పిస్టన్లనీ ఒకే లయలో నడిపేది ఆ పళ్ళ బెల్టే. దాన్ని చక్రాల మీది గుర్తులకు సరిగ్గా కూర్చోబెట్టాలి. ఇంజన్ను ముందు చేత్తో తిప్పి చూసుకోవాలి. ఆ తర్వాతే తాళంచెవి జోలికెళ్ళాలి. కానీ ఈశ్వరయ్య బెంచీ మీద కూర్చుని చూస్తున్నాడాయె. అంతటి పనివాడు అనుమానంగా చేత్తో తిప్పుకుంటూ కూర్చుంటే ఏం బాగుంటుంది? ఓబులేసు నేరుగా స్టార్ట్ చేశాడు.

లోపల ఇనుముకు ఇనుము తగిలిన చప్పుడైంది. వాల్వులు వంగిపోయాయి.

మేస్త్రీ వచ్చి ఏమైందని అడిగితే, బెల్టు నకిలీదని, పట్టు లేక జారిందని ఓబులేసు చెప్పేశాడు. ఈశ్వరయ్యకు ఒళ్ళు మండింది. బెల్టు అమ్మిన మౌలాలి అంగడికి పోయి నలుగురిలో కడిగేస్తానని లేచాడు.

మేస్త్రీ ఆయన్ని కూర్చోబెట్టి గుర్తులకేసి చూశాడు. అవి కలవలేదు. బెల్టు విప్పాడు. బెల్టు పళ్ళన్నీ వేలితో తడిమాడు. ఎక్కడా ఒక్క పన్నయినా అరగలేదు. గుడ్డతో తుడిచి ఓబులేసు చేతికిచ్చాడు.

“మౌలాలికిచ్చి, చెడిపోయిందని చెప్పి వేరేది తీసుకురాపో.”

గండం గట్టెక్కిందనుకుని ఓబులేసు గబగబా వెళ్ళాడు.

మౌలాలి ముసలాయన. బెల్టును తిప్పి కూడా చూడలేదు. దస్తగిరి షెడ్డు వాళ్ళు చెడిపోయిందన్నాక ఇంక చూసేదేముందన్నాడు. వేరే రకం తీసి చేతిలో పెట్టాడు. తర్వాత స్టూలెక్కి, ఆ సరుకు పెట్టెలన్నీ అరలోంచి దించడం మొదలుపెట్టాడు. ఇంకెవరి బండీ పాడవకూడదు కదా అన్నాడు.

“తప్పు నాదే నాయనా. చూసి తెప్పించాల్సింది. ఏమనుకోవద్దని మీ మేస్త్రీకి చెప్పు.”

ఆయన ఆయాసపడుతూ పెట్టెలు దించుతుంటే ఓబులేసుకు సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. నిజం చెబుదామని నోరు తెరిచాడు. కానీ చెప్పకుండానే కొత్త బెల్టు పట్టుకుని, దారిలో ఎవరి ముఖమూ చూడకుండా తిరిగొచ్చాడు.

షెడ్డులో ఈశ్వరయ్య ఇంకా బెంచీ మీదే ఉన్నాడు. బెల్టు ఇవ్వబోతే మేస్త్రీ అందుకోలేదు.

“ఏమన్నాడు మౌలాలి?”

ఓబులేసు తల వంచుకున్నాడు. ఈశ్వరయ్య వింటున్నాడని తెలుసు. అయినా చెప్పక తప్పలేదు.

“తప్పు నాదే అన్నాడు.”

మేస్త్రీ కొత్త బెల్టును అతని వైపే తోశాడు.

“ఆ మాట ఆయనది కాదబ్బీ, నీది. పోయి తెచ్చుకో.”