తాంబూలం నమిలేలోపు

కొలువులో కూర్చుంటే కొండవాకిలి రాజు చిత్రరథ భూపతికి ఏదో ఒక సరదా పుట్టాల్సిందే. ఆ రోజు సముద్రపు ఒడ్డు రాజ్యం నుంచి మాధవ నాయకుడనే రాయబారి వచ్చాడు. కొత్త మనిషి, కొలువులో ఒక్కరినీ ఎరగడు. రాజుగారు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని తాంబూలం చుడుతూ సభను చూశారు.

"మీరు నా దగ్గర చేసే పనేమిటో ఈయనకు చెప్పండి. నేను తాంబూలం నమలడం అయ్యేలోపు చెప్పాలి. విని ఈయన మీ పనేమిటో తిరిగి చెప్పలేకపోతే, రేపటి నుంచి మీరు కొలువుకు రానక్కర్లేదు."

ఈ సరదా రాజుగారిది కాదు. రాజవైద్యుడు సింగరాచార్యులు పొద్దున్నే ఆయన చెవిలో ఊదింది. రాజుగారు తన మాటకన్నా, కొలువులోనే ఉండే గవరయ్య అనే మనిషి మాటే ఎక్కువ వింటారని ఆచార్యులవారికి కడుపుమంట. సభలో అందరి పనికీ ఒక పేరుంది. గవరయ్య పనికి లేదు. పేరు లేని పనిని కొత్తవాడికి ఎలా చెబుతాడో చూద్దామని ఆయన ఎత్తు.

గవరయ్యకు విషయం అర్థమైంది. ఈ కొలువు పోతే పిల్లలకు గంజి కూడా ఉండదు.

సేనాపతి లేచి, శత్రువు వస్తే ఎదురు నిలబడేది తానేనన్నాడు. రాయబారి ఆ మాటే తిరిగి చెప్పాడు. గండం గడిచింది.

తర్వాత ఆచార్యులవారు లేచారు. ఆయన తన నోటితో తన గురించి చెప్పుకోరు. బిరుదులు చదవడానికి ఇద్దరు మనుషుల్ని పెట్టుకున్నారు. ఆ ఇద్దరూ గొంతెత్తి ఒకరి తర్వాత ఒకరు చదువుతూనే ఉన్నారు. రాజుగారు నమలడం అయిపోయింది, ఉమ్మడమూ అయిపోయింది, బిరుదులు మాత్రం అవలేదు.

రాయబారి మొహమాటపడుతూ అడిగాడు.

"చాలామంది పేర్లు విన్నాను ప్రభూ. వాళ్లలో ఈయన ఎవరు?"

సభ గొల్లుమంది. రేపటి నుంచి విశ్రాంతి తీసుకోమన్నారు రాజుగారు. ఆచార్యులవారి మొహం మాడిపోయింది. అయినా, గవరయ్యను కూడా లేపండి ప్రభూ అని పట్టుబట్టారు.

రాజుగారు మరో తాంబూలం బుగ్గన పెట్టారు. గవరయ్య లేచాడు. మెల్లగా సింహాసనం దగ్గరికి నడిచి, రాజుగారి బంగారు పళ్లెంలోంచి ఒక తాంబూలం తీసి తన నోట్లో వేసుకున్నాడు.

సభ కొయ్యబారిపోయింది. రాజుగారి కళ్లు ఎర్రబడ్డాయి. అరుద్దామంటే నోటి నిండా తాంబూలం. గబగబా ఉమ్మేసి కత్తి పిడి మీద చెయ్యి వేశారు.

"నా పళ్లెంలోనే చెయ్యి పెడతావా? నీకు తల బరువైందా?"

గవరయ్య చేతులు కట్టుకున్నాడు.

"తమరు కోపంలో తాంబూలం ఉమ్మేశారు ప్రభూ, నా గడువు తీరిపోయింది. ఇలా అవుతుందని తెలిసే ముందుగా ఇంకొకటి వేసుకున్నాను. నాది ఇంకా నములుతూనే ఉన్నాను."

రాజుగారు ఒక్క క్షణం బిగుసుకున్నారు. మీసాలు కదిలాయి. ఆపుకోలేక పొట్ట పట్టుకుని నవ్వారు.

గవరయ్య వెంటనే రాయబారి వైపు తిరిగాడు.

"అయ్యా, ఇందాక ప్రభువుల మొహం చూశారు. ఇప్పుడూ చూస్తున్నారు. ఆ మొహాన్ని ఈ మొహం చెయ్యడమే నా పని."

"రాజుగారి కోపం దించడం ఈయన పని. మా రాజ్యంలోనూ ఇలాంటి మనిషి ఉంటే ఎంత బాగుండేది," అన్నాడు రాయబారి.

రాజుగారు భుజం మీది పట్టుశాలువా తీసి గవరయ్యకు కప్పారు. ఇంకేం కావాలో కోరుకోమన్నారు.

"ఆచార్యులవారిని కొలువులోనే ఉండనివ్వండి ప్రభూ."

ఆచార్యులవారు నమ్మలేనట్టు చూశారు. నీకు గోతులు తవ్విన మనిషి కోసం అడుగుతున్నావేమని రాజుగారు ఆశ్చర్యపోయారు.

"ఆయన పోసే చేదు కషాయం తాగితేనే కదా తమరికి పొద్దున్నే కోపం వచ్చేది. అది కాస్తా ఆగిపోతే నా పనేం కాను?"

రాజుగారు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ సరేనన్నారు. ఈసారి ఆచార్యులవారు కూడా నవ్వక తప్పలేదు.