శేషమ్మ మల్లెపొదకి దాహం వేసింది

ఊఁ కొడుతూ ఉంటేనే చెబుతాను బంగారూ. నువ్వు ఆపితే నేనూ ఆపేస్తాను. సరేనా?

అనగనగా ఒక మెరక ఊరు. ఆ ఊళ్ళో శేషమ్మ అని ఒక పెద్దావిడ. ఆవిడకి ఒక కొడుకు, రాజ్యం అనే కోడలు, ఇద్దరు అల్లరి మనవలు, గూట్లో వేణుగోపాలస్వామి. వీళ్ళు కాక వంటింటి కిటికీ కింద ఒక మల్లెపొద. దాన్ని కూడా శేషమ్మ ఇంట్లో మనిషి కిందే చూసుకునేది.

ఎందుకంటే అది వాళ్ళమ్మ ఇచ్చిన పొద. శేషమ్మ కాపురానికి బయల్దేరిన రోజున వాళ్ళమ్మ ఒక మల్లె అంటుని తడిగుడ్డలో చుట్టి, బండెక్కిన కూతురి ఒళ్ళో పెట్టింది. "చీరలు చిరుగుతాయి, గిన్నెలు సొట్టలు పోతాయి. ఇది మాత్రం పెరుగుతుందే అమ్మడూ. పూసినప్పుడల్లా స్వామికి పెట్టు, నేను గుర్తొస్తాను" అంది. ఆ తర్వాత కొన్నేళ్ళకి ఆ తల్లి పోయింది. పొద మిగిలింది. మల్లెల కాలం వచ్చిందంటే, స్వామి పాదాల మీద పువ్వు పెట్టందే శేషమ్మ మెతుకు ముట్టేది కాదు.

అయితే ఆవిడకి మడి ఎక్కువ. పొద్దున్నే తలస్నానం చేసి, తడిచీరతో, ఎవరినీ తాకకుండా తోడి తెచ్చిన బిందెడు నీళ్ళే ఆ పొదకి పోసేది. ఇంట్లో పశువులు లేవు కదా, బియ్యం కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు అన్నీ తూములోంచి వీధిలోకి పోయేవి.

రాజ్యం ఆ నీళ్ళు పొదకి పోస్తానంటే, "స్వామి పూల మొక్కకి వాడేసిన నీళ్ళా? చెంపలేసుకో!" అనేది.

రాజ్యం చెంపలేసుకునేది. కోడలు కదా మరి.

ఒక ఏడు వానలు ముఖం చాటేశాయి. ఎండలు ముదిరేసరికి ఊరబావిలో చేద వేస్తే నీళ్ళకంటే ముందు బురద తగిలేది. అప్పుడు ఊళ్ళో పెద్దలు కూర్చుని, ఇంటికి ఇన్ని బిందెలే అని వంతులు పెట్టారు. తాగడానికీ, వండడానికీ, తలా నాలుగు చెంబుల స్నానానికీ సరిపోతాయి. మల్లెపొదకి బిందె ఎక్కణ్ణుంచి వస్తుంది?

పొద ఆకులు పసుపుపచ్చగా మారాయి. మొగ్గలు విచ్చకుండానే రాలిపోయాయి. వంటింటి వైపు కొమ్మ ఒక్కటి రోజుకి రెండు మూడు పూలు ఇస్తోంది, అంతే. శేషమ్మ రాలిన మొగ్గలు ఏరి కొంగులో వేసుకుంది. "అది ఎండిపోతే మా అమ్మ రెండోసారి పోయినట్టేనే" అంది రాజ్యంతో.

అప్పుడు ముందుగా వాకిట్లో కల్లాపి చల్లడం మానేసి, ఆ నీళ్ళు పొదకి పోసింది. నేల గుటుక్కున మింగేసింది. చాల్లేదు.

ఆ తర్వాత తన స్నానం తగ్గించుకుంది. ఒక్క చెంబుతో ఒళ్ళు తడుపుకుని, మిగతా చెంబులు ఎవరూ ముట్టకముందే పొదకి తీసుకెళ్ళింది. అదీ చాల్లేదు.

రాజ్యం బియ్యం కడిగిన గిన్నె పట్టుకుని నిలబడింది. "అత్తయ్యా, ఇవి పోస్తే తప్పేంటి? అన్నం మెతుకు కూడా తగల్లేదు. తెల్లగా పాలల్లే ఉన్నాయి చూడండి."

"పాలల్లే ఉంటే నువ్వే తాగు. పొద జోలికి పోకు."

ఆ తర్వాత శేషమ్మ, ఏకాదశి ఉపవాసం అని చెప్పి, తన తాగేనీళ్ళ చెంబు కూడా ఎత్తి పొదకి పోసేసింది. మధ్యాహ్నానికి కళ్ళు తిరిగి అరుగు మీద కూలబడింది. మనవలు "నాయనమ్మా!" అని ఏడుపు అందుకున్నారు. రాజ్యం పరుగెత్తుకొచ్చి, ఒళ్ళో పడుకోబెట్టుకుని, మజ్జిగ పట్టించింది. భయానికి ఆ పిల్లకి కోపం కూడా వచ్చింది.

"పొద బతకాలని మీరు ఎండిపోతే, రేపు స్వామికి పువ్వు పెట్టేదెవరు? నాకు మీ అంత మడి లేదుగా!"

శేషమ్మ మిగిలిన మజ్జిగ కూడా గడగడా తాగేసింది. కోడలు మొదటిసారి గట్టిగా మాట్లాడింది మరి.

మర్నాడు తేరుకుని, స్వామి నైవేద్యానికి ఆకు కోసుకొద్దామని పెరట్లోకి వెళ్ళింది. రోజూ నైవేద్యం అరిటాకులోనే. కత్తి పెట్టి ఆకు కోసి, ఎందుకో తలెత్తి చూసింది. ఊరంతా గడ్డిపోచ లేకుండా మాడిపోయి ఉంటే, ఆ అరటిచెట్లు మాత్రం నిగనిగలాడుతున్నాయి! ఒకదానికి గెల కూడా తొంగిచూస్తోంది.

"ఏమే రాజ్యం! వీటికెవరే నీళ్ళు పోస్తోంది?" అని కేకేసింది.

"ఎవరూ పొయ్యడం లేదత్తయ్యా. మనందరి స్నానాల నీళ్ళు పోయేది అటే కదా."

శేషమ్మ చేతిలో ఆకు వంక చూసింది. స్నానాల బండ వంక చూసింది. బండ మీంచి చిన్న కాలవ, కాలవ కొసన అరటిపాదు. కాపురానికి వచ్చినప్పటినుంచీ చూస్తున్నదే. పిల్లల కాళ్ళ మట్టి, నలుగుపిండి, అన్నీ అటే పోతాయి. ఆ చెట్టు ఆకులోనే కదా ఇన్నేళ్ళూ స్వామికి పరమాన్నం పెట్టింది!

ఆకు పట్టుకుని తిన్నగా గూడు ముందుకి వెళ్ళి నిలబడింది. "ఇన్నేళ్ళలో ఒక్క పూటైనా ఈ ఆకు వద్దని నెట్టావా నాయనా?" అని అడిగింది. స్వామి ఎప్పటిలాగే పిల్లనగ్రోవి పట్టుకుని నవ్వుతున్నాడు. అప్పుడు శేషమ్మకీ నవ్వొచ్చింది. కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది.

"రాజ్యం, ఆ బియ్యం నీళ్ళు పారబొయ్యకు. ఇలా పట్రా."

ఇద్దరూ పొద దగ్గరికి వెళ్ళారు. శేషమ్మ వంగి పాదు సరిచేయబోయి ఆగిపోయింది. వంటింటి కిటికీ వైపు మట్టి తడిగా ఉంది. తడి మీద తెల్లటి చారలు. ఆ వైపు కొమ్మే పచ్చగా ఉంది.

"ఇదేమిటే?"

రాజ్యం తల దించుకుంది. "గిన్నె తూము దగ్గరికి తీసుకెళ్తూ ఉంటే... కిటికీ దగ్గర చెయ్యి జారిందత్తయ్యా."

"ఎప్పుడు?"

"రోజూనూ."

"రోజూ జారిందా?"

"రోజూ జారింది."

అంటే ఇన్నాళ్ళూ స్వామి పాదాల మీద పెట్టిన పూలు ఆ బియ్యం నీళ్ళకి పూసినవే! శేషమ్మ కోడలి గడ్డం పట్టుకుంది. "మా అమ్మని నిలబెట్టావే తల్లీ" అంది. "అయితే ఈ మూల చాల్లే. ఇవాళ అటువైపు జార్చు."

ఆ తర్వాత ఆ ఇంట్లో చుక్క నీరు తూము దాటితే ఒట్టు. బియ్యం నీళ్ళు మల్లెకి, కూరలు కడిగినవి కరివేపాకుకి, స్వామి అభిషేకం నీళ్ళు తులసమ్మకి. తొలివాన పడేనాటికి పొదంతా చిగుళ్ళు. వాన మొదలవగానే శేషమ్మ మడి సంగతే మర్చిపోయి, మనవలతో పాటు తడుస్తూ, చూరు కింద బిందెలు, గంగాళాలు, ఆఖరికి మరచెంబు కూడా వరసగా పెట్టేసింది. రాజ్యం గుమ్మంలో నిలబడి పకపకా నవ్వింది.

మన వంటింటి వెనక మల్లెపొద ఉందే, అది ఆ పొదకి అంటు తొక్కి తెచ్చిందే బంగారూ. పొద్దున్న నువ్వు గ్లాసులో సగం తాగి వదిలేస్తావు చూడు, ఆ సగం దానిదే. గుర్తుందిగా?

బియ్యం కడిగిన నీళ్ళు పొదకి,
పొదలో పూచిన పువ్వు స్వామికి,
చెప్పిన కథేమో కంచికి,
చల్లటి నిదరేమో నీ కంటికి.