నలభై ఒక్క కంబళ్ళు

భూషణం మాస్టారిని సందేహం అడిగితే సూటిగా జవాబు చెప్పేవారు కాదు. కాసేపు కిటికీలోంచి వీధిలోకి చూసి, ఎక్కడిదో ఒక సంగతి ఎత్తుకునేవారు. విజయనగరంలో ఒక బట్టల కొట్టు మేడమీద ఆయన మా పన్నెండుమందికి సర్వీసు పరీక్షల కోసం ప్రపంచ చరిత్ర చెబుతున్న రోజులవి.

ఆవేళ పాఠం అమెరికా తొలినాళ్ళ తగాదాలు. మాలో లా చదివి వచ్చిన హైమావతి నోటుపుస్తకంలో రెండు గళ్ళు గీసి, ఎవరిని ఏ గడిలో వెయ్యాలో తెలియక కొట్టివేతలతో పేజీ నింపేసింది. చివరికి పెన్ను పక్కన పెట్టేసింది.

"ఎవరు ఎటువైపో తేలడం లేదు మాస్టారూ. జాతీయ బ్యాంకు రాష్ట్రాల హక్కుల్ని మింగేస్తుందన్న అధ్యక్షుడే, మేం సుంకం కట్టమని ఎదురుతిరిగిన రాష్ట్రం మీదికి సైన్యాన్ని పంపుతానంటాడు. ఒకప్పుడు ఆ సుంకం కావాలన్న దక్షిణాది నాయకుడే తర్వాత అది దోపిడీ అంటాడు. ఇంతకీ న్యాయం ఎవరివైపు?"

"నేను చెప్పబోయే మనుషులు ఏ పుస్తకంలోనూ దొరకరు. వెతక్కండి," అన్నారు మాస్టారు. తర్వాత ఈ సంగతి చెప్పారు.

పద్దెనిమిది వందల ముప్ఫై మూడు జనవరి. దక్షిణ కరోలినాలో చార్ల్స్‌టన్ రేవు. అక్కడ నథానియల్ క్రోవెల్ అనే ఆయన సుంకం అధికారి. పుట్టింది ఆ ఊళ్ళోనే, జీతం ఇచ్చేది కేంద్రం. విదేశీ సరుకు మీద సుంకం వేస్తే ఉత్తరాది మిల్లులు బాగుపడతాయి, తాము కొనే ప్రతిదీ ప్రియమవుతుంది అని ఆ రాష్ట్రం వాళ్ళ కోపం. ఫిబ్రవరి ఒకటో తేదీ నుంచి ఆ సుంకం తమ గడ్డమీద చెల్లదని వాళ్ళు శాసనం చేశారు. వసూలు చేస్తే నేరం. వసూలు చెయ్యకపోతే కేంద్రం దృష్టిలో నేరం. క్రోవెల్ ఈ రెండింటి మధ్యా ఉద్యోగం చేస్తున్నాడు.

ఆ వారం లివర్‌పూల్ ఓడలో ముతక కంబళ్ళ మూటలు దిగాయి. అవి తెప్పించినవాడు గిడియన్ లాథ్రాప్, నదికి ఎగువన వరి పండించే భూస్వామి, క్రోవెల్ భార్యకు తమ్ముడు. ఆయన పొలంలో పనిచేసే బానిసలు నలభై ఒక్కమంది. తలకొక కంబళి. సుంకం కట్టడం ఆయనకు లెక్కలోది కాదు. అయినా టోపీకి, సుంకాన్ని ఎదిరించేవాళ్ళ గుర్తైన నీలం రిబ్బను గుచ్చుకుని వచ్చి, "ఒకటో తారీఖు దాకా ఆగుతాను బావా. ఆవేళ కట్టకుండా తీసుకెళతాను," అన్నాడు.

"ఒకటో తారీఖున కూడా ఇక్కడ నేనే ఉంటాను, గిడియన్."

మూటలు గిడ్డంగిలో ఉండిపోయాయి. వాటి కోసం పడవ వేసుకుని వచ్చినవాడి పేరు కఫీ. లాథ్రాప్ బానిసల్లో అతను పడవ సరంగు, నలభై దాటిన మనిషి. ముగ్గురు తెడ్డువాళ్ళతో రేవులో మూడు రోజులు కాచుకున్నాడు. ఆ ఏడు చలి ఎక్కువ. ఖాళీ పడవతో తిరిగి వెళ్ళమంటారా అని యజమానిని అడిగితే, "స్వాతంత్ర్యం కోసం అందరం కొంచెం ఓర్చుకోవాలి," అని సమాధానం వచ్చింది. లాథ్రాప్ ఆ మాట వెటకారంగా అనలేదు. నిజంగానే నమ్మి అన్నాడు.

నాలుగోనాడు పొద్దున్నే కఫీ టోపీ చేత్తో పట్టుకుని క్రోవెల్ దగ్గరికి వెళ్ళాడు. "నా పెళ్ళాం బైనా పచ్చి బాలింత దొరా. జ్వరం. గుడిసె గోడలకు కన్నాలు. ఒక్క కంబళి ఇప్పించండి, తక్కినవి ఉంచుకోండి."

క్రోవెల్ మంచివాడు. అందుకే అతన్ని కూర్చోబెట్టి వివరంగా చెప్పాడు. రాజ్యాంగం అంటే ఏమిటో, రాష్ట్రాలన్నీ కలిసి ఏం ఒప్పుకున్నాయో, మూట విప్పితే తన ప్రమాణం ఎలా తప్పినట్టవుతుందో. కఫీ శ్రద్ధగా విన్నాడు.

"అంటే ఈ రేవు దేశానిదా, రాష్ట్రానిదా అన్నది తేలితే కంబళ్ళు వస్తాయి."

"అంతే."

"నేనెవరి వాణ్ణో తేల్చడానికి ఎవరికీ ఇంతసేపు పట్టలేదు దొరా."

క్రోవెల్ లేచాడు. తన పైకోటు విప్పి ఇవ్వబోయాడు. కఫీ వెనక్కి జరిగాడు. దాని ఇత్తడి గుండీలు సర్కారువి. అవి తన దగ్గర కనబడితే దొంగ అని వీపు చీరేస్తారు. క్రోవెల్ అటునుంచి అటే ఊళ్ళో ఉన్న బావమరిది ఇంటికి వెళ్ళి, సుంకం తన జేబులోంచి కడతానన్నాడు. లాథ్రాప్ ముఖం ఎర్రబడింది. "నువ్వు కడితే నేను కట్టినట్టే. నేను కడితే రాష్ట్రం తలవంచినట్టే. ఆ సరుకు నేను ముట్టను." క్రోవెల్ తిరిగి వచ్చేసరికి రేవులో పడవ లేదు.

ఫిబ్రవరి ఒకటి వచ్చింది, వెళ్ళింది. శాసనం చేసినవాళ్ళే దాన్ని కొంతకాలం ఆపుకున్నారు. మార్చిలో దేశ రాజధానిలో రాజీ కుదిరింది. సుంకం ఏడాదికింత చొప్పున తగ్గుతుంది, రాష్ట్రం తన శాసనం వెనక్కి తీసుకుంటుంది. ఊళ్ళో రెండు పక్షాలవాళ్ళూ బాణాసంచా కాల్చారు. లాథ్రాప్ సుంకం కట్టి రసీదు తీసుకుని, అక్కను పలకరించి, బావతో కలిసి భోజనం చేశాడు.

మర్నాడు కఫీ పడవ వచ్చింది. మూటలు విప్పించి, కంబళ్ళు ఒక్కొక్కటీ చూసి పడవలో వేయించాడు. చివరిది చేతిలోనే ఉంచుకుని క్రోవెల్ బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఇది ఎక్కువొచ్చింది దొరా."

క్రోవెల్ కాగితం చూసుకున్నాడు. "లేదే. నలభై ఒకటే ఉంది."

"కాగితంలో సరిగ్గానే ఉంది దొరా."

క్రోవెల్ ఇంకోసారి కాగితం చూశాడు. తర్వాత అతని ముఖం చూశాడు. బైనా బిడ్డ ఎలా ఉందని అడగబోయి అడగలేకపోయాడు. కఫీ ఆ కంబళి బల్లమీద పెట్టి, దాని అంచు సరిచేసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత క్రోవెల్ ఇరవై ఏళ్ళు బతికాడు. తాను చట్టం తప్పలేదు. బావమరిదీ తాను నమ్మినదాన్ని వదల్లేదు. మరి తప్పు ఎక్కడ జరిగిందో ఆయన వెనక్కి నడిచి నడిచి చూసుకునేవాడు. ప్రతి మలుపులోనూ తాను చేసింది సబబుగానే కనిపించేది. అదే ఆయనకు నిద్ర పట్టనిచ్చేది కాదు.

మాస్టారు ఆపేశారు. కింద కొట్లో ఎవరో చీర బేరమాడుతున్నారు.

హైమావతే అంది, కొంచెం కోపంగా. "న్యాయం ఎవరివైపని అడిగితే ఇది చెప్పారు. నాకు మునుపటికన్నా అయోమయంగా ఉంది మాస్టారూ."

"ఉండనీ అమ్మా," అన్నారు మాస్టారు. "ఆ చలికాలం ఆ ఊళ్ళో అయోమయం లేనివాళ్ళు చాలామందే ఉన్నారు."