సొరుగులోని పసుపుకొమ్ములు

ఉత్తర కోస్తాలోని ఒక పెద్దాసుపత్రిలో స్కానింగ్ విభాగానికి అధిపతి పార్వతీశంగారు. ఆయన బల్ల సొరుగులో, కలాలకూ కాగితాలకూ పక్కన, పసుపు దారాలకు కట్టిన పసుపుకొమ్ముల కట్ట ఒకటి ఉండేది. కొత్తగా చేరిన విద్యార్థులు దాన్ని చూసి నవ్వుకునేవారు. అదెందుకో వారు అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఒక సోమవారం ఉదయం ఆయన శిష్యుడు మహీధర్ ఆ బల్ల ముందు నిలబడి అడిగాడు: "సర్, యంత్రం చూపించిందే నేను రాశాను. యంత్రం అబద్ధం చెబితే తప్పు నాదెలా అవుతుంది?"

పది రోజుల క్రితం అతను దాలమ్మ అనే స్త్రీ ఛాతీ స్కాను చూసి, గుండెకు కుడిపక్కన గట్టి కణితి ఉందనీ, కేన్సర్ కావచ్చుననీ రిపోర్టు రాశాడు. దాన్ని నమ్మి శస్త్రవైద్యులు ఆమె రొమ్ముటెముక కోయడానికి రాబోయే గురువారాన్ని నిర్ణయించారు. ఈ సోమవారం ఉదయం ఆపరేషన్ల జాబితా చూస్తూ పార్వతీశంగారు ఆమె చిత్రాలను మళ్ళీ తెరిచారు. చాలాసేపు చూసి, అది కణితి కాకపోవచ్చునని మహీధర్‌తో అన్నారు. అతని ప్రశ్నకు జవాబుగా, "ఆమెను పిలిపించు" అన్నారు.

వార్డులోంచి దాలమ్మ వచ్చింది, వెనకాలే ఆమె భర్త దండాసి. జీడిగింజల జిడ్డుకు ఆమె వేళ్ళ కొసలు నల్లబడి ఉన్నాయి.

"నీకేమని చెప్పారమ్మా?"

"గడ్డన్నారు బాబూ. గుండెకాడ గడ్డ. లచ్చివారం రొమ్ము కోసి తీసేత్తారట."

"ఎవరు చెప్పారు?"

ఆమె గడ్డంతో మహీధర్‌ని చూపించింది. "ఈ బాబే. మంచోడు. మెల్లగా సెప్పినాడు."

నేలలో ఊరేదాన్ని గడ్డ అంటాం, వండుకు తింటాం. కాలిమీద లేచేదాన్ని గడ్డ అంటాం, పగిలితే మానుతుంది. అదే మాటను ఒక వైద్యుడు మనిషి గుండె పక్కన పెట్టినప్పుడు, ఆ మాట మిగిలిన అర్థాలన్నీ వదిలేసి ఒక్క అర్థంతోనే ఇంటికి వెళుతుంది. ఎంత మెల్లగా చెప్పినా.

"పని చేస్తున్నావా?"

"సేసీదాన్ని. ఫ్యాక్టరీలో జీడిపప్పు పొట్టు తీసీదాన్ని. పద్దెనిమిదేళ్ళనించీ కిటికీకాడ పీట నాదే. ఎలుగు బాగుంటాది, పప్పు ఇరగదు. మొన్న మా మరిది పెళ్ళానికి ఇచ్చీసినాను. సచ్చీదానికి పీటెందుకు బాబూ?"

పార్వతీశంగారు మళ్ళీ చిత్రం వైపు చూసి, అడిగారు: "ఆ రోజు యంత్రం మీద పడుకోబెట్టినప్పుడు ఒంటిమీద ఏమున్నాయి?"

"గాజులు తీమన్నారు, తీసినాను. పుస్తెలతాడు తీమన్నారు. ఈ మడిసి బయట బెంచీమీద కూకునుంటే పుస్తెలెలా తీత్తాను? తీనన్నాను. సరే పక్కకి నెట్టుకో అన్నారు. కుడిపక్కకి నెట్టుకుని కొంగు కప్పినాను."

"తియ్యే, ఆమాత్రానికే నాను సచ్చిపోతానేటి అన్నాను బాబూ," అన్నాడు దండాసి. "ఇంటేనా!"

"నీకేటి, సచ్చినోడికి నోరుండదు. ఊరంతా నన్నంటారు."

పార్వతీశంగారు సొరుగు లాగి కట్టలోంచి ఒక దారం తీశారు. పసుపుకొమ్ము కంటబడగానే దాలమ్మకు అంతా అర్థమైంది. బంగారం తీయవలసి వచ్చినప్పుడు మెడ బోసిపోకుండా ముందు పసుపుకొమ్ము కట్టుకోవడం ఆమె తల్లి, అత్త చేసిన పనే.

"ఇది ఆవేళే ఇచ్చుంటే కట్టుకుందును కదా!" అందామె. ఆ గొంతులో మొదటిసారి కోపం వినిపించింది.

కింది అంతస్తులోని స్కాను గది గుమ్మంలో దండాసి మూడు ముళ్ళూ వేశాడు. రెండో ముడి జారిపోతే, "మొదటి పెళ్ళికీ ఇలాగే జార్చినాడు," అందామె. పుస్తెలతాడు తీసి అతని గుప్పిట్లో పెట్టి లోపలికి వెళ్ళింది. ఆ ఒక్కచోటికే, వీలైనంత తక్కువ కిరణాలతో మళ్ళీ స్కాను తీశారు.

స్కానులో ప్రతి వస్తువుకూ దాని సాంద్రతను బట్టి ఒక అంకె వస్తుంది. నీటికి సున్నా. మహీధర్ మొదటిసారి కొలిచినప్పుడు నలభై రెండు వచ్చింది. అది మాంసపు అంకె. ఇప్పుడు అదే చోట నాలుగు వచ్చింది. అక్కడున్నది పలచని గోడలోని నీరు. నీటితిత్తి. బహుశా పుట్టుకతోనే ఉండి, ఎవరికీ ఏ అపకారమూ చేయకుండా యాభై ఏళ్ళు ఆమెతో బతికింది.

పైన తన గదికి వచ్చాక పార్వతీశంగారు పాత చిత్రాన్ని కొత్తదాని పక్కన పెట్టారు. పాతదానిలో పుస్తెలున్న చోటునుంచి తెల్లని చారలు బయలుదేరి ఆ తిత్తి మీదుగా పోయాయి. మహీధర్ కొలిచింది ఒక చారమీద.

"ఇవేమిటి?"

"ఆర్టిఫాక్ట్స్, సర్. లోహంవల్ల వచ్చిన చారలు."

"ఆ రోజు చూశావా?"

"చూశాను."

"రాశావా?"

"లేదు, సర్," అన్నాడు మహీధర్. పార్వతీశంగారి అరచెయ్యి బల్లమీద పడింది. గ్లాసులో నీళ్ళు తొణికాయి.

"ఇక్కడ లోహం ఉంది, ఈ చోట నా మాట నమ్మకండి అని యంత్రం తెల్లగా గీతలు గీసి మరీ చెప్పిందయ్యా! అంత నిజాయితీగా మనలో ఎవడు చెప్పుకుంటాడు? దాన్నా నువ్వు అబద్ధాలకోరు అన్నావు?"

రిపోర్టు కాగితాన్ని అతని ముందుకు తోశారు. దాని కింద రెండు సంతకాలున్నాయి. మొదటిది మహీధర్‌ది. రెండోది, తొందరలో సగమే పడినది, ఆయనది. శిష్యుడు దాన్ని చూసేవరకూ ఆయన వేలు అక్కడినుంచి తీయలేదు. "ఆవేళ అరవై రిపోర్టులు. చిత్రం తెరవలేదు నేను. ఈ కట్ట పన్నెండేళ్ళుగా నా సొరుగులో ఉంది. యంత్రం కింది అంతస్తులో ఉంది," అన్నారు. ఆ కోపం ఈసారి ఎవరిమీదో వేరే చెప్పనక్కరలేదు.

గడ్డ కాదనీ, ఆపరేషన్ అక్కర్లేదనీ, అప్పుడప్పుడు చూపించుకుంటే చాలుననీ విన్నాక దండాసి గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు. దాలమ్మ ఏడవలేదు, దండం పెట్టలేదు. మహీధర్‌నే చూస్తూ నిలబడింది.

"గడ్డని నాకు మెల్లగా సెప్పినావు బాబూ. గడ్డ కాదని మా మరిది పెళ్ళానికి ఎవులు సెప్తారు? నా పీట ఎవులిత్తారు?"

ఆమె వెళ్ళిపోయింది. మహీధర్ కంప్యూటర్ ముందు కూర్చుని, తల ఎత్తకుండానే అడిగాడు: "కొత్త రిపోర్టులో ఏమని రాయమంటారు, సర్?"

పార్వతీశంగారు సొరుగులోంచి పసుపుకొమ్ముల కట్టను తీసుకుని కిందికి దిగి, స్కాను గది తలుపు పక్కన మేకుకు తగిలించారు. తిరిగి వచ్చి, చెప్పులు వేసుకుంటూ అన్నారు:

"ముందు ఆ పీట అడిగొద్దాం, పద. తర్వాత రాద్దాం."