పిచ్చుకగూట్లో ఎండ్రకాయ

అనగనగా ఒక సముద్రం. సముద్రానికి ఒక ఒడ్డు. ఒడ్డున ఒక బొరియ. బొరియలో తల్లి, తండ్రి, ఒక చిన్న కూతురు. ఎర్ర ఎండ్రకాయల సంసారం.

ఒకనాటి ఉదయం అవి మనుషులను చూడడానికి బయలుదేరాయి. మనం సముద్రం చూడడానికి వెళ్తాం కదా, అవి మనల్ని చూడడానికి వస్తాయి.

"పాపం, రెండే కాళ్ళు! పడిపోరా అమ్మా?" అంది చిన్నది.

"అలవాటైపోయిందిలే," అంది తల్లి.

"రెండైతేనేం? రెండూ మన కొంపల మీదే పడతాయి," అన్నాడు తండ్రి. "మనిషి కాలు కనబడితే పరుగెత్తాలి. మా తాత నాకు చెప్పాడు, నేను నీకు చెబుతున్నాను."

ఆయన భయానికి కారణం ఉంది. చిన్నది పాత పెంకు విడిచి రెండు రోజులే అయింది. మన పిల్లలకు చొక్కాలు పొట్టి అయినట్టే, ఎండ్రకాయలకు పెంకు ఇరుకవుతుంది. మనకు కొత్త చొక్కా ఆ పూటే దొరుకుతుంది, వాటికి పెంకు గట్టిపడేదాకా ఆగాలి. అంతవరకు ఒళ్ళు వెన్నముద్ద. మనిషి కాలు పడినా, గద్ద ముక్కు తగిలినా చాలు, ప్రాణం పోతుంది.

ఒడ్డున సూరిశెట్టి అనే వర్తకుడి కుటుంబం బండి దిగింది. శెట్టిగారు చాప పరిచి పడుకున్నారు. భార్య నాంచారమ్మ సముద్రానికి పసుపు కుంకుమ సమర్పించి పులిహోర విప్పింది. సముద్రపు గాలికి పులిహోర రుచి ఎందుకు పెరుగుతుందో నేను చెప్పలేను గాని, పెరుగుతుంది. కొడుకులిద్దరూ, కూతురు బంగారమ్మ పిచ్చుకగూళ్ళు కట్టసాగారు. తడి ఇసుకలో పాదం పెట్టి, పైన ఇసుక కప్పి, తట్టి తట్టి, మెల్లగా పాదం తీస్తే అదే గూడు.

చిన్న ఎండ్రకాయ బంగారమ్మనే చూసింది. ఆ పిల్ల ఒకచోట కూర్చోబోయి, చీమలు కనబడితే లేచింది. మరోచోట నత్త కనబడితే ఇంకాస్త జరిగింది. మూడోచోట గూడు కట్టింది.

ఇంతలో ఇసుక మీద నీడ తిరిగింది. గద్ద!

మూడూ బొరియకు పరుగెత్తాయి. బొరియ మీద చాప ఉంది, చాప మీద శెట్టిగారున్నారు. పక్క బొరియను అల పూడ్చేసింది. ఆ పై బొరియ బంగారమ్మ పెద్దన్న మడమ కింద అణిగిపోయింది. పెద్ద ఎండ్రకాయలు తడి ఇసుకలో దూరగలవు. చిన్నదాని మెత్తని కాళ్ళకు తవ్వే బలం లేదు.

"నాన్నా, నేను ఆ గూట్లోకి పోతా!"

"మనిషి కట్టిన గూట్లోకా? మతి పోయిందా?"

"పొద్దుట్నుంచి చూస్తున్నాను నాన్నా. ఆ పిల్ల ఎవరినీ తొక్కలేదు."

అడ్డంగా పరుగెత్తి గూట్లో దూరింది. గద్ద వాలింది. బంగారమ్మ "హుష్!" అని చేయి విసిరి, గూటికి అడ్డంగా కూర్చుంది. గద్ద రెండు చుట్లు తిరిగి వెళ్ళిపోయింది.

పొద్దు వాలింది. ఇంటికి వెళ్ళేముందు గూళ్ళను తన్ని పడగొట్టడం పిల్లల వేడుక. అన్నలు తమవి తన్నేశారు. తండ్రి ఎండ్రకాయ తడి ఇసుకలోంచి కళ్ళు మాత్రం పైకెత్తి చూస్తున్నాడు.

"నీది తన్నవేమే? నేను తన్ననా?" అంటూ పెద్దన్న కాలెత్తాడు.

బంగారమ్మ ఆ కాలు పట్టుకుంది. "వద్దన్నా. లోపల మనుషులున్నారు."

శెట్టిగారు నవ్వి చాప చుట్టారు. కింద బొరియ బయటపడింది.

ఆ సాయంత్రం తండ్రి కూతురితో అన్నాడు: "మా తాత చెప్పింది నీకు చెప్పాను. నీ పిల్లలకు నువ్వు చూసింది చెప్పు."

కాబట్టి పిల్లలూ, విన్నమాటతో ఎవరినీ తూచకండి. వాళ్ళ నడవడిని కళ్ళారా చూసి తెలుసుకోండి.