పోలమ్మ కునుకు

మధ్యాహ్నమైతే చాలు, సముద్రపు గాలికి కోటతో సహా జోగే ఒకానొక రాజ్యంలో స్వప్నకేసరి అనే రాజు ఉండేవాడు. భోంచేసి ఉయ్యాలమంచం మీద నడుం వాల్చడం, లేచాక తనకొచ్చిన కలను కొలువులో చెప్పడం, పండితుల చేత ఆహా అనిపించుకోవడం, ఇదీ ఆయన రాచకార్యం. చంద్రుడు దిగివచ్చి తన కాళ్ళు పట్టాడని చెప్పినా తలలూపాల్సిందే. "నా కలను మించిన కల కన్నవారు ఏది కోరితే అదిస్తాం" అని చాటింపు కూడా వేయించాడు. రాజుగారిని మించి కల కనే ధైర్యం ఎవరికుంటుంది?

ఆ కొలువులోనే ఉన్న చమత్కారి కొండుభట్టుకు ఆహా అని అని దవడలు నొప్పెట్టేవి.

ఒకనాడు పోలమ్మ అనే ఆమె, తన భర్త సింహాద్రిని నలుగురి చేత మంచంతో సహా మోయించుకుని వచ్చింది. తొమ్మిదేళ్ళ కిందట అతను తాటిచెట్టు మీంచి పడ్డాడు. మెడ కింద ఏదీ కదలదు. రెండు ఘడియలకోసారి పక్కకు తిప్పకపోతే ఒళ్ళు పుండ్లు పడుతుంది.

"మావకి సేసేది నానే బాబూ, కాదన్ను," అంది పోలమ్మ. "వారానికి రెండు పూటలు ఎవురినైనా సాయం పంపితే కంటినిండా నిద్రోతాను. మొన్న గంజి వారుస్తా తూలి సెయ్యి కాల్సుకున్నాను. రేపు మావ మీదే పడితే?"

గుడ్డ చుట్టిన ఆ చేతిని కొండుభట్టు తొంగి చూశాడు. రాజు ఆవలించాడు. "కట్టుకున్నవాడికి చేసుకోవడం ఒక పనా, దానికి సాయమా? ఇంతకీ నీ మొగుడికేం కావాలట?"

"నన్నే అడగండి బాబూ," అన్నాడు సింహాద్రి. "ఒళ్ళు పడిపోయింది గానీ నోరు పడిపోలేదు. మీ కొలువుకి ముప్పై మెట్లున్నాయి. పక్కన ఏటవాలుగా ఓ దారేయిస్తే, తోపుడు బండి మీదొచ్చి నా మాట నానే సెప్పుకుంటాను."

"కుదరదు. తీసుకుపొండి," అన్నాడు రాజు.

మోసుకొచ్చిన నలుగురూ మంచం ఎత్తబోయారు. కొండుభట్టు చటుక్కున లేచాడు.

"ప్రభూ, తమరి చాటింపు ప్రకారం ఈమె కలల పందేనికి సిద్ధం. గెలిస్తే వీళ్ళ కోరికలు తీర్చాలి."

రాజు మీసం దువ్వాడు. "ఇప్పుడే కానీ!"

"పందెమన్నాక ఇద్దరికీ ఒకే తీరు ఉండాలి. సింహాద్రి పిలిచినప్పుడల్లా ఆమె లేవాలి గనక ఏలినవారూ లేవాలి."

"నా కలలు అంతమాత్రానికి బెదిరిపోవులే!"

తెరలు దించారు. ఉయ్యాల మీద రాజు, చాప మీద పోలమ్మ, మధ్యన సింహాద్రి మంచం. పల్చటి ఎండ తెరల్లోంచి వడగట్టినట్టు దిగి నేలంతా పరుచుకుంది. ఎక్కడో పావురాలు కూస్తున్నాయి. పండితులు కూర్చున్నచోటే తూగారు. కొండుభట్టు మాత్రం ఒక కన్ను తెరిచే ఉంచాడు.

"పోలీ, ఓపాలి తిప్పవే."

"ఇప్పుడేనయ్యా తెల్లఏనుగు తొండమెత్తింది!" అంటూ రాజు లేచాడు. రెండో పిలుపుకు, "తోకే కనబడింది," అని గొణిగాడు. మూడోసారికి ఏనుగే రాలేదు. కళ్ళు ఎర్రబడ్డాయి, తల దిమ్మెక్కింది, స్తంభం మీద కూడా కోపమొచ్చింది.

నాలుగో పిలుపుకు పోలమ్మ కళ్ళు మూసుకునే, కాలిన చెయ్యి నేలకాన్చి లేవబోతోంది. రాజు ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు. తొమ్మిదేళ్ళు! ఆయనకు ఒక్క మధ్యాహ్నానికే ఏడుపొచ్చింది.

"నువ్వు పడుకో తల్లీ," అని తానే మంచం దగ్గరికి వెళ్ళాడు.

"ముందు బుజం, తరవాత నడుం. లాక్కూడదు బాబూ, దొర్లించాలి," అని నేర్పాడు సింహాద్రి. రాజు చెమటలు కక్కుతూ దొర్లించాడు.

పొద్దు వాలాక పోలమ్మ ఉలిక్కిపడి లేచింది. "అయ్యో, ఎంతసేపు తొంగున్నాను! మావా, నిన్నెవురూ తిప్పలేదే!"

"తిప్పారే. రాజుగారు తిప్పారు, రెండుపాల్లు."

ఉంగరాల చేతులతో మొగుడి నడుం పట్టుకుని నిలబడ్డ రాజును ఆమె ఎగాదిగా చూసింది.

"ఓసోస్, కలా!" అని నవ్వుకుని, అటు తిరిగి మళ్ళీ పడుకుంది.

"ఇంతకు మించిన కల తమకెప్పుడైనా వచ్చిందా ప్రభూ?" అని అడిగాడు కొండుభట్టు.

రాజు పగలబడి నవ్వబోయి, చప్పున నోరు మూసుకుని పొట్ట కదిలేలా నవ్వాడు. ఆ పూట ఆజ్ఞలన్నీ గుసగుసల్లోనే వెలువడ్డాయి. ఊరూరా ఇలాంటి ఇళ్ళకు వంతులవారీగా జీతగాళ్ళు వెళ్ళాలి. వాళ్ళకు పని నేర్పే కొలువు సింహాద్రిది. ప్రతి కచేరీ మెట్ల పక్కనా ఏటవాలు దారి వేయాలి. చాటింపువాడు డప్పును వేలి కొసతోనే తట్టాడు. కొండుభట్టు మెడలో ముత్యాలహారం కూడా, పోలమ్మ లేస్తుందేమోనని, చప్పుడు కాకుండా వేశారు.